ఓడినవాళ్లకు పులిహోర పెట్టిన కోచ్

గెలిచామండీ! నిన్న ఫైనల్లో మన రాయ్‌పూర్ బేస్‌బాల్ జట్టు గెలిచింది! మన పిల్లలు ఛాంపియన్లు! సంతాప సభలో ఇలా అరవకూడదని తెలుసు, మన్నించండి. ఈ మాట ముందుగా ఎవరికి చెప్పాలో ఆ మనిషి ఫోటోలో ఉన్నాడు. నేనేం చెయ్యను?

కాలనీ పెద్దలారా, అమ్మలారా, నేను బంతి విసిరే పృథ్వీ నాన్నని, సూర్యారావుని. ఏడో తరగతి చదివినవాణ్ణి. తడబడితే సర్దుకోండి. మన కోచ్ ఈశ్వర్, సెమీఫైనల్ గెలిపించిన మర్నాడే గుండె ఆగి పోయాడు. కప్పు చూడకుండానే పోయాడు!

జీతాలిచ్చే జట్టని పేరేగానీ, సీజన్ మొదట్లో వరసగా ఓడాం. ఓడినప్పుడల్లా పిల్లలందరినీ దేవేంద్ర నగర్‌లో తన ఇంటికి తీసుకెళ్లి పులిహోర పెట్టేవాడు. గెలిస్తే పెట్టేవాడు కాదు. "గెలిస్తే ఊరంతా పిలుస్తాది. ఓడిపోయినోడికి మనమే పెట్టాల" అనేవాడు. మావాడి చేతిలో బంతి జారి ఆట పోయిన రోజు, వాడికే మారు వడ్డించాడు. ఒక్క మాటన్నాడా? అనలేదు.

బంతి ఎక్కడ వెయ్యాలో గట్టు మీంచి తెలుగులో అరిచేవాడు. ఇక్కడి ఎదుటి జట్లలో ఎవరికి అర్థమవుతుంది? సీజనంతా అలాగే నడిచింది. సెమీఫైనల్‌కి విశాఖ జట్టు వచ్చింది. వాళ్లదీ తెలుగేనని మనం మరిచేపోయాం! ఈయన "కిందకెయ్" అనడం, వాళ్లు కింద కాచుకుని బాదడం! వాళ్ల కుర్రాడొకడు, "కోచ్ బావూ, తరవాతిదెక్కడండీ?" అని అడిగాడు కూడా. ఈశ్వర్ పొట్ట పట్టుకుని నవ్వాడు. ఆ తర్వాత అచ్చమైన ఛత్తీస్‌గఢీలో "తరీ మ డార్!" అని అరిచాడు. కింద వెయ్యమనే. ఆట మనదైంది. ఆ నవ్వే ఆఖరిదని ఎవరికి తెలుసు?

దహనం రోజు వాళ్ల అన్నయ్య, "బంతాటతో ఏం సాధించాడండీ నా తమ్ముడు?" అని ఏడ్చారు.  దానికి ఇవాళ జవాబు చెబుతాను. నిన్న గెలిచిన పిల్లలు ఊరేగలేదు. తిన్నగా వచ్చి ఈశ్వర్ గుమ్మంలో కూర్చున్నారు. కప్పు ఆయన భార్య మాలతమ్మ ఒడిలో పెట్టి ఏడ్చారు.

అందరూ లేవండి. ఆ మనిషి కోసం కాసేపు మౌనంగా నిలబడదాం.

అయ్యాక ఫోన్లు తియ్యండి. తిల్దాలో ఈశ్వర్ అన్నయ్య వెంకటస్వామి గారికి గెలిచామని చెప్పాలి. మందిర్ హసౌద్‌లో బావమరిది యుగంధర్‌కి. పార్వతీపురంలో అక్క గంగాభవానికి. ఆవిడ దగ్గరే మంచం మీదున్న తల్లి తాయారమ్మకి. కొడుకు లేడన్న మాట ఆ ముసలితల్లికి ఇంకా చెప్పలేదు. ముందు గెలిచాడని చెప్పండి.