కంకరలో నల్లరాయి

ఏటమ్మా మైత్రీ, అదిలా తే. అరే, మీ తాత రమణమూర్తి కొట్టిన పెచ్చే! చూడు, పైన మాడిన పెనంలా నలుపు, లోపల బూడిదరంగు, మధ్యలో ఆవగింజల్లా గుండ్లు. మీ తాత కీమేను గదా, రోజూ సుత్తి భుజానేసుకుని పట్టాలెంట నడిచి వదులైన కీలు బిగించడమే పని. నేనా గ్యాంగుకి మేటుని, అంటే పెద్దని. పట్టాల కింద కంకరంటే ఏటి, క్వారీలో పగిలిన రాయి, అన్నీ గరుకు అంచులే. అందులో ఒకటి పొత్రంలా నున్నగా, నల్లగా కూచుంది. 'మావా, ఇది మన కంకర కాదు' అన్నాడు. 'మీ అత్తోరి కంకరేమో, నడువెహె' అన్నాను. ఇంటికెల్లి స్పీకరు అయస్కాంతం పెడితే టక్కున అంటుకుంది. అంతే, పిచ్చి పట్టింది. టీ తాగుతావా? అచ్ఛా, వద్దులే. రాయికి ఈ పెచ్చు కొట్టి పట్టుకెల్తే, కాలేజీలో ఓ సారు చూసి, 'మూర్తీజీ, ఇది ఆకాశంలోంచి పడ్డ ఉల్క. సూర్యుడు పసిగుడ్డుగా ఉన్నప్పుడు, భూమింకా పుట్టనప్పుడు, చుట్టూ తిరిగే ధూళి కరిగి బొట్లుబొట్లుగా గడ్డకట్టింది. ఆ బొట్లే ఇవి. భూమ్మీద రాళ్లన్నీ కరిగి, నలిగి మారిపోయాయి. ఇది మారలేదు. పరీక్షకి పెచ్చు చాలదు, రాయి తెండి' అన్నాడట. 'మావా, భూమికంటే వయసులో పెద్దది నా సంచిలో ఉంది!' అని మీ తాత ఒకటే గెంతులు. ఇంకోటి దొరుకుతాదేమోనని వంగి వంగి నడిచీవాడు. డ్యూటీ ఆలస్యం. ఇన్స్పెక్టరొచ్చి పదిమందిలో నన్నుతికేశాడు, 'నీ కీమేను పట్టాలు చూస్తున్నాడా, రాళ్లేరుకుంటున్నాడా?' అని. నువ్వు కూర్చో, నేనే లేస్తాను. మోకాళ్లు కాదమ్మా, ఒకచోట కూచోలేను. ఆ మజ్జానం మీ తాత చెయ్యి కడుక్కోడానికెల్తే, సంచిలోంచి రాయి తీసి తిఫ్రా వైపు రైలు కట్టమీంచి విసిరేశాను. ఆఁ, నేనే. సాయంత్రం ఏడుపుమొకంతో వొచ్చాడు, 'సంచి చిరుగులోంచి జారిపోయింది మావా' అని. చెప్పొచ్చు గదా? చెప్పలేదు. 'పద, వెతుకుదాం' అన్నాను. మూడాదివారాలు ఉస్లాపూర్ వైపు తిప్పాను, తెలిసి తెలిసి, రాయి లేని వైపు! 'నన్ను నమ్మినోడివి నువ్వొక్కడివే' అనీవాడు. మరో రెండేళ్లకే పోయాడు. విసిరిన చోట ఇప్పుడు లారీల గోడౌను. రిటైరైన కాణ్ణుంచీ రోజూ పొద్దున్నే ఎల్తాను. వాచ్‌మేను 'క్యా ఢూండ్‌తే హో, బాబా?' అంటాడు, ఏటెతుకుతున్నావని. నేను వంగి వంగి నడుస్తూనే ఉంటాను. ఈ పెచ్చిచ్చి మీ నాయనమ్మ నా దగ్గిరికే ఎందుకు పంపింది? ఆవిడకి తెలుసా ఏటి? అలా చూడకమ్మా, తిట్టు పోనీ. ఇదిగో, ముందీ పెచ్చు తీసేసుకో నా చేతిలోంచి... నీ బండి ఎన్నింటికి? నాలుగున్నర లోకలేనా? ఆటోలు దొరకవు, బయల్దేరు.