తండ్రి వృత్తి, ఆదాయం

అది కాదండీ వెంకటకృష్ణారావు గారూ, రెండు నిమిషాలు ఆ కిటికీ మూయకండి. స్కాలర్‌షిప్పు రానివాళ్ల లిస్టు బోర్డు మీద పెట్టారు గదా, అందులో నా పేరుంది. దాని కిందే రుచిత పేరుంది. నా సంగతి వదిలెయ్యండి. ఆ రెండో పేరు మాత్రం తీసెయ్యాలి.

రుచిత ఎవరా? చల్లపల్లి నుంచి బెజవాడకి రోజూ బస్సులో వచ్చే అమ్మాయండీ, బీకాం ఫస్టియరు. ఆ అమ్మాయి అటుగా వెళ్తే మన కాలేజీ వరండాలో కూడా వాన కురిసి వెలిసినట్టుంటుంది. మీరలా చూడకండి. విషయానికే వస్తున్నాను.

నా అప్లికేషనా? వద్దండీ, నాకు తెలుసు. సరే, చదవండి. తండ్రి పేరు సైదావలి, వృత్తి పరుపుల ఫ్యాక్టరీ, ఏడాది ఆదాయం మూడు లక్షలు. దానికి గుచ్చిన ఎమ్మార్వో సర్టిఫికెట్లో పన్నెండు వేలు. అవునండీ, రెండూ మా నాన్నవే.

ఫ్యాక్టరీ అంటే... కంకిపాడు వీధుల్లో దూదేకే విల్లు భుజానేసుకుని తిరుగుతాడండీ మా నాన్న. ఎవరు పిలిస్తే వాళ్ల అరుగే ఆ పూటకి ఫ్యాక్టరీ. రెండువేల సంవత్సరం కూడా వచ్చేసింది, ఇంకా తండ్రి ఏం చేస్తాడని అడగడమేమిటండీ ఫారాల్లో?

అప్లికేషన్లిచ్చే రోజు క్యూలో రుచిత నా వెనకే నిలబడిందండీ. "ఏమండీ, ఆదాయం దగ్గర ఎంత రాయాలండీ?" అంది. ఈ కరిముల్లాని అండీ అన్న మొదటి మనిషి. మా చెల్లెలు కూడా ఒరేయ్ అనే పిలుస్తుంది. దూదేకడం అని రాయబోయిన చెయ్యి ఫ్యాక్టరీ అని రాసేసింది.

అక్కడితో ఊరుకున్నానా? "గట్టిగానే రాసుకోండి. బ్యాంకువాడు ఉన్నవాడికే గదా అప్పిచ్చేది? గవర్నమెంటూ అంతే. లేనివాళ్లని తెలిస్తే ఫైలు పక్కన పడేస్తారు" అన్నాను. చెప్తుంటే నిజమేననిపించిందండీ నాక్కూడా.

పాపం, నమ్మింది. వాళ్ల నాన్న రత్తయ్య వరికోతలకెళ్లే కూలీ. "ఇరవై ఎకరాల రైతు అని రాస్తే చాలుతుందా?" అనడిగింది. "మాగాణి అని కూడా చేర్చండి" అన్నాను.

నవ్వుకోండి. నిన్న ఆ అమ్మాయికి నవ్వు రాలేదు. లిస్టు చూసి, "ముప్పై ఎకరాలు రాయాల్సిందేమోనండీ" అంది. ఇంకా నన్నే నమ్ముతోంది. ఈ స్కాలర్‌షిప్పు రాకపోతే పరీక్ష ఫీజు కట్టే దారి లేదు, చదువు ఆగిపోతుంది. బందరులో బట్టల కొట్లో పనికి వాళ్ల నాన్న అప్పుడే మాట్లాడేశాడట.

ఐదింటిలోగా కాగితం ఇస్తే దిద్ది పంపుతారా? బతికించారు. ఏం రాయను? "నా తప్పుడు సలహా వల్ల"... కారణం కూడానా? సలహాకి కారణమేముంటుందండీ?

సరే, రాస్తున్నాను. "మా నాన్న దూదేకుతాడని ఆ అమ్మాయి చూస్తుండగా రాయలేక." ఇదిగోండి, సంతకం పెట్టాను.

ఏమిటీ? కింద ఆ అమ్మాయి కూడా చదివి సంతకం పెట్టాలా? చదవకుండా పెడితే చెల్లదా?

సరేలెండి. గేటు దగ్గరే ఉంది, పిలుస్తాను. మీరు మాత్రం ఈ కాగితం ఆ అమ్మాయి చేతికివ్వకండి. నేనే చదివి వినిపిస్తాను. మీరు కాసేపు అటు ఫైళ్ల వైపు తిరగండి.