గిన్నె అంచు

...నూట పద్దెనిమిది గ్లాసులండీ! ఒక్కోటి నా బొటనవేలంత. లోపలికి వేలు దూరదు, గుడ్డ దూరదు. పుల్లకి దూది చుట్టి ఒక్కొక్కటే కడిగాను. అడుగున ద్రాక్షారసం ఎండిపోయి బంకలా పట్టేసింది. చూడండి నా వేళ్ళు ఎలా నానిపోయాయో. మీరెక్కడ చూస్తారులే. హాయిగా రాయి కింద పడుకున్నారు.

కడగడం గురించి కాదు నా ఏడుపు. ఇరవై ఏళ్ళుగా ఆ మందిరం ఊడుస్తున్నా, తుడుస్తున్నా, మీరున్నప్పుడు ఎప్పుడైనా అబ్బా అన్నానా? మనకి ఒక్కటే గిన్నె ఉండేది. వెండిపూతది, రెండు చెవులది. నెలకోసారి ప్రభుబల్ల రోజున పాస్టరుగారు ద్రాక్షారసం మీద ప్రార్థన చేసి ఇస్తే బెంచీల వెంట చేతులు మారుతూ పోయేది. ముసలీ ముతకా, దగ్గేవాళ్ళూ, చీదేవాళ్ళూ, అందరూ ఆ ఒక్క గిన్నెలోనే తాగారు. మీరూ తాగారు. అందరిళ్ళ మురుగు పైపుల్లోనూ చేతులు పెట్టొచ్చే మనిషి! సంఘం సెక్రెటరీగారి మరుగుదొడ్డి పొంగిందని శనివారమంతా అందులోనే ఉండి, ఆదివారం ఆయన పక్కనే కూర్చుని తాగలేదూ? అప్పుడాయనకి క్రిములు గుర్తు రాలేదు.

ఇప్పుడొచ్చాయి గుర్తు. గిన్నెని అద్దాల బీరువాలో పెట్టి తాళమేశారు. మనిషికో గ్లాసు తెప్పించారు. ఇవాళే మొదలు. "ఆరోగ్యం కోసం" అట. ఆరోగ్యం! ఉమ్మెయ్యాలనిపించిందండీ. మందిరం కాబట్టి మింగాను.

ఎవరి వల్లనో తెలుసా? ఆవిడ వల్ల. ఏ ఆవిడంటారేం? మిమ్మల్ని కడిగినావిడండీ. ఆస్పత్రి మార్చురీలో.

మీరు నిచ్చెన మీంచి పడిన మర్నాడు, ఉతికిన చొక్కా తెచ్చివ్వమంటే వెళ్ళాను. తలుపు ఓరగా ఉంది. లోపల ఆవిడ మీతో మాట్లాడుతోంది. "కాస్త చెయ్యెత్తన్నా... అదీ... ఇంకేం, అయిపోయింది" అంటోంది. బతికున్నవాళ్ళతో కూడా మనవాళ్ళెవరూ అంత మెల్లగా మాట్లాడరు. అగ్గిపుల్ల పెట్టి మీ గోళ్ళు శుభ్రం చేసింది. ముప్పై ఏళ్ళు నేను సబ్బులు అరగదీసినా వదలని నలుపు, ఆవిడ వదిలించింది. నోరు తుడిచింది. దువ్వెన పట్టుకుని నావైపు తిరిగి, "అన్న పాపిట ఎటు తీసుకుంటాడమ్మా?" అనడిగింది.

ఎడమవైపు అన్నాను. అప్పటిదాకా రాని ఏడుపు అప్పుడొచ్చింది.

అందుకే, "మా మందిరానికి రామ్మా" అన్నాను. అవును, పిలిచింది నేనే. వచ్చింది పాపం. ఏడాది పాటు చివరి బెంచీలో కూర్చుంది. మొన్న బాప్తిస్మం తీసుకుంటే తువ్వాలు పట్టుకుని గట్టున నిలబడింది కూడా నేనే. అందరూ "స్తోత్రం, స్తోత్రం" అన్నారు. ఏ స్తోత్రం? చెయ్యి కలపడానికి ఒక్కరు ముందుకొస్తే ఒట్టు. దూరం నుంచే వందనాలు. పైన పటారం, లోన లొటారం!

ఆ తర్వాత వచ్చిన బల్లకి నా పక్కన కూర్చోబెట్టుకున్నాను. రెండు నెలలైంది. ఆవిడకి మొదటిసారి కదా. గుటక కూడా వెయ్యలేదు, పెదవి తడుపుకుందంతే. ఇచ్చేసింది.

అక్కడేనండీ జరిగింది. ఎవరో గిన్నె తిప్పారు. ఆవిడ పెదవి తగిలిన చోటు అవతలికి పోయేలా అరచుట్టు తిప్పి, ఇటువైపు నుంచి తాగారు. ఎవరా? ఉండండి, చెప్తాను, తొందరేం?

అది సెక్రెటరీగారి భార్య చూసింది. ఆవిడ ఇంకా తెలివైంది, అసలు తాగనే లేదు. కళ్ళు మూసుకుని, గిన్నె నోటిదాకా తీసుకెళ్ళి, భక్తిగా పక్కవాళ్ళకిచ్చింది. ఆ పక్కావిడా అంతే. ఆ పక్కావిడా అంతే. నా దగ్గర్నుంచి వెళ్ళిన గిన్నె వెళ్ళినట్టే పాస్టరుగారి చేతికి తిరిగొచ్చింది. ఆయన గిన్నెలోకి చూశారు, మావైపు చూశారు, పాటెత్తుకున్నారు.

తర్వాతి నెల చూడాలి ఆ హడావిడి! ఎప్పుడూ రెండో పాటకి వచ్చేవాళ్ళు కూడా గంట ముందొచ్చి ముందు బెంచీలు పట్టేశారు. ఆవిడ కూర్చున్న బెంచీలో ఆవిడొక్కతే. నేనా? నేను పిల్లల దగ్గర పనుందని వెనక నిలబడ్డాను. గిన్నె అందరి దగ్గరా తిరిగి చివరికి ఆవిడ దగ్గరికెళ్ళింది. ఆవిడ అడుగున మిగిలింది తాగి, తన కొంగుతో అంచు శుభ్రంగా తుడిచి మరీ ఇచ్చింది. చచ్చినవాళ్ళ నోళ్ళు తుడిచే మనిషి తన ఎంగిలి తాను తుడుచుకుందండీ, మన కోసం.

ఆ గురువారం మీటింగు పెట్టారు. టీ ఇవ్వడానికి నేనున్నా. సెక్రెటరీగారంటారూ, "మనిషిని ఏమీ అనట్లేదండీ, పని అలాంటిది" అని. పాటల మాస్టారు, "ప్రేమ వేరు, శుభ్రత వేరు" అన్నాడు. పాస్టరుగారు గడ్డం గోక్కుని, "సంఘ క్షేమం చూడాలి కదా" అన్నారు. ఏ సంఘం? ఆవిడ సంఘం కాదూ? పోయిన ఆదివారమేగా పాస్టరుగారు, తక్కువవాళ్ళని చేరదీయడం గురించి ముప్పావుగంట చెప్పి చెమట తుడుచుకుంది? సెక్రెటరీగారి తల్లిని కడిగింది ఎవరు? రేపు ఈయన్ని కడిగేదెవరు? అప్పుడు కూడా మనిషికో గ్లాసు తెప్పించుకుంటారా?

అన్నీ నా నోటిదాకా వచ్చాయి. తేలు కుట్టిన దొంగలా టీ ట్రే పట్టుకు నిలబడ్డాను. ఎందుకంటారా?

తిప్పింది నేనేనండీ.

అట్లా చూడకండి. రాయి అయినా సరే, చూస్తున్నట్టే ఉంది నాకు. వాళ్ళకి గిన్నె తిప్పడం నేర్పింది నేను. చెయ్యి దానంతటదే తిరిగిందని మొదట్లో నాకు నేనే చెప్పుకున్నా. అబద్ధం. అంచు మీద తడి కనబడింది. ఆ తడి చూడగానే ఆ చలిగది, ఆ వాసన, మీ నోరు తుడిచిన గుడ్డ, అన్నీ గుర్తొచ్చాయి. మిమ్మల్ని అంత ప్రేమగా కడిగిన చేతులని చూసి గిన్నె తిప్పాను. అంటే నాకు అసహ్యం వేసింది ఎవరి మీద? మీ మీదే కదా! ఛీ. ఆవిడ చూసింది. పక్కనే కూర్చుంది, చూడకుండా ఎట్లా ఉంటుంది?

ఇవాళ రాలేదు. ఆవిడ గ్లాసు ట్రేలో అట్లాగే నిండుగా ఉండిపోయింది. కడిగేటప్పుడు అది ఒక్కటీ పారబొయ్యలేక, ఎంతసేపు చేత్తో పట్టుకున్నానో! ఇంక ఉండలేక పని ముగించి నేరుగా ఆవిడింటికి వెళ్ళాను. ఆస్పత్రి వెనకాల ఒక్క గది. ఎంత శుభ్రంగా ఉందనుకున్నారు! గూట్లో రెండు స్టీలు గ్లాసులు బోర్లించి ఉన్నాయి. ముఖం చూసుకోవచ్చు వాటిలో.

"అయ్యో అక్కా, ఎండలో వచ్చావు" అంటూ మంచం కింది పెట్టెలోంచి ఒక సీసా తీసిచ్చింది. నీళ్ళ సీసా. దుకాణంలో కొన్నది, సీలు తియ్యనిది. నేను దానివైపే చూస్తుంటే నవ్వి, "ఎవరైనా వస్తారేమోనని రెండు తెచ్చి పెట్టుకుంటానక్కా. మా ఇంటి గ్లాసుల్లో తాగలేరు కదా" అంది. నిష్ఠూరం ఏమీ లేదండీ మాటలో. కుర్చీ వెయ్యనా అన్నంత మామూలుగా అంది.

ఆ గ్లాసులో పొయ్యమ్మా అంటే సరిపోయేది. అంతే! దాని కోసమే వెళ్ళానని ఇప్పుడనిపిస్తోంది. ఆ ఒక్క మాట అనడానికి.

సీలు తీసి సీసా ఎత్తి తాగాను. గటగటా తాగాను. దాహం వేసింది మరి.

క్షమాపణ అడిగాను, అడగలేదని కాదు. సీసా ఒళ్ళో పెట్టుకుని అడిగాను. "పోనీలే అక్కా, నువ్వైనా వచ్చావు" అంది. నువ్వైనా! చెంప మీద కొట్టినా ఇంత మండేది కాదు. ఎందుకు రాలేదమ్మా అనడిగితే ఒంట్లో బాగోలేదంది. వచ్చే నెల తప్పకుండా వస్తానంది. "చిన్న గ్లాసులు తెప్పించారట కదా, మంచి పని చేశారక్కా. ఇంక నా వల్ల ఎవరికీ ఇబ్బంది ఉండదు" అంది.

సెక్రెటరీని తిట్టాను, పాస్టరుగారిని తిట్టాను, ఇందాకట్నుంచి మీ చెవులు తినేశాను. గురివిందగింజ తన నలుపు ఎరగదంటారు. నేను ఎరుగుదునండీ, ఎరిగే ఇంతసేపు మీకు చెప్పకుండా దాటేశాను.

పొద్దున మందిరం తలుపులు తీసి, బల్ల మీద ఆ నూట పద్దెనిమిది గ్లాసులూ వరసగా పెట్టి ఉండటం చూశాను కదా. ఇంకా ఎవరూ రాలేదు. నేనొక్కదాన్నే.

హమ్మయ్య అనుకున్నాను.