అవ్వ తిడతాదని

ఏమ్మే నందినీ, పాప చేతికి ఆ బొబ్బేంది? కుక్కర్ తగిలిందా? ఎప్పుడు? ఆదివారమా? ఈ పొద్దు బేస్తవారం గదే. అందుకేనా, ఇంత ఎండలో ఆ బిడ్డకు నిండుచేతుల చొక్కా తొడిగి తిప్పుతాండావు? ఏదీ, చూపీ. ఊఁ, మానుతాండాదిలే. పొద్దుటూరులో డాక్టరుకు చూపిచ్చినారా? మంచి పని చేసినారు. మరి ఇదే ఇంట్లో ఉండేదాన్ని, నాకెందుకు చెప్పలే? మహేంద్ర వద్దన్నాడా. నా మనమడే, అవ్వకు చెప్పబాక అన్నాడా. సరేలే. యాడికి లేస్తాండావు, కూచ్చో. తిట్టనులే, కూచ్చోమంటి గదా. పాపను ఆడుకోనీ.

మీ మామ ఓబులేసును చూస్తాండావు గదా, నా కొడుకును. కుడికాలు వారగా ఏసి నడుస్తాడు. పెండ్లి మాటలప్పుడు మీవాళ్ళు అడిగితే చిన్నప్పుడు పడినాడని చెప్తిమి. పడింది గాదు. అది మా అత్త తిరుపాలమ్మ కాలం నాటి మాట. నువ్వు చూడలే ఆయమ్మను, నువ్వు పుట్టకముందే పోయింది. పొట్టి మనిషి. మైలవరం డ్యాములో నీళ్ళు నిలిచిన కొత్తల్లో మాకు నూరు జీవాలుండె, గొర్రెలూ మేకలూ కలిపి, అన్నిట్నీ ఆయమ్మే మేపుకోనొచ్చేది. నోరు మాత్రం, అబ్బా, ఈ కొసన అరిస్తే ఊరి ఆ కొసన ఇనపడేది. పిల్లోడు మోకాలు చెక్కుకోని వస్తే పసుపు తర్వాత, ముందు తిట్లు. ‘కండ్లు నెత్తికెక్కినాయేంరా? మీయమ్మ యాడ సచ్చింది? కనేది తెలుసు, చూసుకునేది తెల్దు దానికి’ అని నన్నూ వాడినీ ఒక కట్టకు కట్టి తిట్టేది. అట్లని చెయ్యి మంచిది మేయ్. మొలలో ఎప్పుడూ ముల్లు తీసే శావణం ఉండేది. గొర్రె గిట్టలో ముల్లుంటే ఒక్క పట్టు పట్టి లాగేది, ఆ గొర్రెకు తెలిసేది గూడా కాదు. మనుషులకూ అంతే. శానామంది వచ్చేటోళ్ళు, తిట్లు తిని ముల్లు తీపిచ్చుకోని పొయ్యేటోళ్ళు. పెద్దోళ్ళకు అదొక నవ్వులాట. పిల్లోళ్ళకు నవ్వెట్లొస్తాది చెప్పు.

అప్పుడు ఓబులేసుకు ఏడేండ్లు. మేకలెంట పోయి కంపముల్లు తొక్కినాడు. లోపలే ఇరిగిండాది. ఇంటికొచ్చి ఒక్క మాట చెప్పలే వాడు. రెండో దినం నీళ్ళు పోస్తాండంగ నేనే చూసినా, పాదం అడుగున ఎర్రగా ఉబ్బిండాది. ‘మా, అవ్వకు చెప్పబాకమా’ అనె. నేను పెద్దదాన్ని గదా, చెప్పాల్సింది. చెప్పలే. వాని మీద ప్రేమ అనుకునేవు, అదేం గాదు, నాకూ బయమే. ఆయమ్మ జీవాలను తోలుకోని పోంగానే సూది కాల్చి కెలికినా, రాలే. సున్నం బెల్లం నూరి పెట్టి గుడ్డ కట్టినా. మళ్ళా ఆయమ్మ వచ్చే యాళకు గుడ్డ ఇప్పేస్తి. పక్కింటి జానీబీ గోడ మీద నుంచి చూసి, ‘ఏమ్మా, ఇంట్లో శావణం పెట్టుకోని సూదితో పొడుస్తాండావే పిల్లోన్ని’ అనె. ‘నీకు దండం పెడతా అక్కా, మా అత్తకు చెప్పబాక’ అంటి. ఆమె నా మొగం చూసి గోడ దిగి పాయ. ఇంకో సంగతి ఇను. మందలో గొర్రె కుంటితే మా అత్త అంత దూరం నుంచే పసిగట్టేది. సొంత మనమడు కుంటేది మాత్రం చూడలే. చూడనిస్తే గదా, ఆయమ్మ గొంతు ఇనపడంగానే యాడుంటే ఆడ్నే కూలబడేటోడు.

ఐదో దినం తెల్లారి చూస్తే ఒళ్ళు కాలిపోతాండాది. గజ్జల్లో బిళ్ళ కట్టింది. పాదం నల్లబారింది. ఇంక దాచేదేముంది. ఆయమ్మ చూసింది, వాన్ని భుజానేసుకోని బస్సు కాడికి నడిచింది, దోవ పొడుగునా నన్ను తిడతానే. జమ్మలమడుగులో డాక్టరు కోసి, చీము అంతా తీసి, ఇంకో రెండు దినాలుంటే పాదం పొయ్యేదమ్మా అనె. మంచి మనిషి ఆయప్ప. వాన్ని అడిగినాడు, ఎప్పుడు గుచ్చుకునెరా అని. ‘పోయిన సోమారం.’ మరి ఎందుకు చెప్పలేదురా? ‘అవ్వ తిడతాదని.’ వాడు ఆయమ్మ ఎదురుగానే చెప్పేసె. చిన్నోడు గదా, అడిగితే చెప్పినాడు. డాక్టరు మా అత్త తట్టు చూసె. నేను తల ఎత్తలే. ఆయమ్మ తిట్టకుండ లేచి బయటికి పోయి మెట్ల మీద కూచ్చునింది. సాయంత్రం నేను టీ తీసకపోయి ఇస్తే, గ్లాసు పట్టుకోని, ‘నాకు బయమైతే నోరే లేస్తాది మేయ్, నేనేం జేసేది’ అనె. అంతే అనింది. నాకు ఏడుపొచ్చె. అన్ని తిట్లు తిన్నా గూడా రానంత ఏడుపు.

ఆ తర్వాత ఏం చేసేది తెలుసునా? పిల్లోడు యాడన్నా తగిలిచ్చుకోని వస్తే, టక్కున కొంగు కొస నోట్లో కుక్కుకునేది. పండ్లతో గట్టిగా కరుచుకోని, కండ్లు ఇంతింత చేసుకోని, కడిగేది, కట్టు కట్టేది, వాన్ని ఆటకు పంపిచ్చేది. పంపిచ్చి దొడ్లోకి పోయి ఆ గొర్రెలను తిట్టేది. ‘కండ్లు నెత్తికెక్కినాయేమే మీకు’ అని. పాపం అవేం చేసినాయి. మేమందరం తడిక చాటున నిలబడి నవ్వుతాంటిమి. అయితే ఒకటి, ఆ మీదట మా ఇంట్లో ఏ పిల్లోడూ ఏదీ దాచలే. గోరు లేచినా పరుగెత్తుకోని ఆయమ్మ కాడికే పొయ్యేటోళ్ళు, నాకాడికి గూడా కాదు. ఓబులేసు కాలు మాత్రం సక్కగ రాలే. అది నావల్ల. ఆయమ్మ వల్ల కాదు, మూడు దినాలు దాచిపెట్టింది నేను. ఈ మాట మీ మామకు ఇప్పటికీ చెప్పలే.

ఆయమ్మ పోయి ముప్పై ఐదేండ్లాయ. అత్త నోరు నాకు రాలే, దేవుని దయ అనుకుంటాంటి ఇన్నాళ్ళూ. మహేంద్ర పదేండ్లప్పుడు సైకిలు మీద నుంచి పడి పన్ను ఇరగ్గొట్టుకోని వచ్చినాడు. నేనేమంటినో గుర్తు లే. ఏమో అనే ఉంటా. వానికి గుర్తుండాదేమో. నువ్వు చెప్పు, ఈ ఇంటికొచ్చి ఐదేండ్లాయ గదా నువ్వు, నేను అట్ల అరుస్తానా? ఏందే, తల దించుకుంటివేం? సరేలే, చెప్పబాక. పొయ్యి మీద పాలు పెట్టినట్టుండావు, పో, చూసుకో పో. పాపను ఈడ్నే, నాకాడ ఇడిసిపో. ఇడిసిపోతావా?