గ్లాసులో నీళ్లు తొణక్కుండా

“మామ్మా, తాతయ్య మోటారుసైకిలు ముందు ఫోర్కుల్లో, అదే కుదుపు ఆపే గొట్టాల్లో, చిక్కటి ఆయిల్ పొయ్యమంటావా, పల్చటిదా? మెకానిక్ నన్నే తేల్చుకోమన్నాడు.”

నన్నడుగుతావేంట్రా, నేనేవన్నా బండి తోలేనా? ఆ, వెనక కూచున్నాననుకో. పెళ్లైన కాణ్ణించీ మీ తాతయ్య పోయేదాకా ఆ సీటు నాదే. కూచో ఇలా. ముందా చేతులు తుడుచుకో, చీరకంటుతుంది.

అప్పుడు మీ తాతయ్యకి నిడదవోలు దగ్గర పల్లెల్లో పాస్టరు పని. ఓ ఊళ్లో ఆరాధన అవగానే ఇంకో ఊరు పరిగెత్తాలి. ఈ బండి కూడా కొత్తది కాదు, తణుకులో ఒక టీచరు గారిది... కాదు కాదు, ఆయన బావమరిదిది, పాతది కొన్నారు. సంఘంలోవాళ్లిచ్చిన ధాన్యం బస్తాలు వెనకేసుకొచ్చేవారని వెనక స్ప్రింగులు బాగా బిగించేసుండేవి. నేను కూచుంటే ఎగిరెగిరి పడేదాన్ని. అప్పుడు నేనెంతున్నానని, ఇప్పుడు చూసి నవ్వకు.

మీ నాన్నకంటే ముందు రెండుసార్లు నాకు కడుపు నిలవలేదు. నీకెవరూ చెప్పుండరు. మీ నాన్న కడుపున పడ్డాక రాజమండ్రిలో డాక్టరమ్మ, నెలనెలా రావాలి, కుదుపు మాత్రం తగలకూడదు అంది. రెండూ ఎలా అవుతాయి చెప్పు? బస్సు దాకా వెళ్లాలన్నా కాలవ గట్టు మీద ఎడ్లబండో, ఎగరేసే ఈ బండో, అంతే గతి. ఈసారీ ఇంతేలే అని ఏడ్చేను. ఆయన మర్నాడు పొద్దున్నే బండి ముందు చతికిలబడ్డారు.

చిక్కటిది పోస్తే మెత్తగా ఉంటుందనుకున్నారాయన, పరుపులో దూది ఎక్కువ కూరినట్టు. అడుగున స్క్రూ తీసి, పాతదంతా కారబెట్టి, ఆ రెండు గొట్టాల్లోనూ ట్రాక్టరు ఆయిల్ సమానంగా కొలిచి పోసేరు. ఆ తర్వాతేం చేసేరనుకున్నావు? గుళ్లోంచి సంస్కారం గ్లాసులు, ద్రాక్షరసం పోసిచ్చేవి, వేలెడంత ఉంటాయే, అవి ట్రేతో సహా తెచ్చి, నీళ్లు నింపి వెనక సీటు మీద కట్టేరు. అయ్యో, ప్రభువు గ్లాసులండీ అంటే, “ఆయనేం అనుకోడులే, ఆయన తల్లీ కడుపుతో ప్రయాణం చేసిందే” అన్నారు.

గట్టు మీద గుంట తగిలేసరికి సగం నీళ్లు లేవు. ఆ చిక్కటి దాంతో ఫోర్కు కదిలితేగా, దెబ్బంతా పైకే తన్నింది. సరేనని కుట్టుమిషను నూనెలా పల్చటిదేదో పోసేరు. అది గుంటలో మెత్తగానే దిగింది గానీ, దాటేక ఊగుతానే ఉంది. బ్రేకేస్తే ముక్కు కిందకి పోయేది. మళ్లీ నీళ్లన్నీ సీటు మీదే. ఇంక ఆ రెండూ కలపడం, వెనక స్ప్రింగు ఒక మెట్టు వదులు చెయ్యడం, గట్టు మీద తిరిగి రావడం, ఇదే పని. పాస్టరు గారికేదో అయ్యిందని ఊళ్లో చెప్పుకున్నారు. ఓ సాయంత్రం ఆ ట్రే రెండు చేతుల్తో పట్టుకొచ్చి నా ముందు పెట్టేరు. గ్లాసులన్నిట్లో నీళ్లున్నాయి. “ఇంక నువ్వెక్కొచ్చు” అన్నారు.

అలా నెలనెలా కొవ్వూరు మీంచి రాజమండ్రి వెళ్లేవాళ్లం. బ్రిడ్జి మీద అతుకులొచ్చినప్పుడల్లా టక్కు టక్కుమనేది, నేను రెండు చేతుల్తో పొట్ట పట్టుకునేదాన్ని. గుంటైనా, అతుకైనా దాటగానే వెనక్కి తిరక్కుండానే అడిగేవారు, “ఇద్దరూ ఉన్నారా?” అని. ఉన్నాం అనేదాన్ని. మీ నాన్న పుట్టేడు, పెరిగేడు, ఉద్యోగానికెళ్లేడు, ఆయన మాట మాత్రం మారలేదు. ఇద్దరెవరండీ, ముసలిదాన్నొక్కదాన్నేగా అని విసుక్కునేదాన్ని. ఇప్పుడెవరూ అడగరు నాన్నా. ఆటోలో గుడికెళ్తాను, వచ్చేసింది దిగండంటాడు, దిగుతాను.

ఏ ఆయిలో నాకేం తెలుసు? డబ్బా మీద నంబర్లు మీకు తెలుస్తాయి. నీకేమో బ్రేకేస్తే ముక్కు వంగకూడదు, నాకేమో ఈ తుంటి నెప్పి. మరీ చిక్కన కాకుండా, మరీ పల్చన కాకుండా చూసి పొయ్యి. ఆనక ఓ గ్లాసుడు నీళ్లు తే, ఒళ్లో పెట్టుకుని నేనే కూచుంటాను, గుడి దాకా వెళ్లొద్దాం. దేవుడు నిన్ను చల్లగా చూడాలి, నీ వెనక కూచునేవాళ్లనీ చూడాలి. మెల్లగా తోలు మరి. గుంట దాటేక మీ తాతయ్యలాగే అడుగు. ఇద్దరం ఉన్నామనే చెప్తాను.