మేట దగ్గర నిదానం

లాంచీ రేవు వదిలి పావుగంట దాటింది. కింద ఇంజన్ గదిలో ఇద్దరే ఉన్నారు: ఇరవై ఆరేళ్లుగా ఆ ఇంజన్ని కనిపెట్టుకుని ఉన్న డ్రైవరు, నెల కిందట పోయిన కెప్టెన్ గారి ఒక్కగానొక్క కూతురు.

"గట్టిగా అడుగమ్మా, ఈ మోతలో ఏమీ వినపడి చావదు."

"ఏదో ఒక్కటి చెప్పండి చాలు అంటున్నా! నాలుగింటికి ఆఫీసు వాళ్లు సభ పెట్టారు. కూతురివి కదా, నాన్నగారి గురించి రెండు మాటలు మాట్లాడమన్నారు."

"మాట్లాడు మరి."

"ఏం మాట్లాడను? నిన్నటి నుంచి కాగితం ముందేసుక్కూర్చున్నా. ఒక్క వాక్యం వచ్చింది."

"ఏదీ, చదువు."

"'మా నాన్న మాట తక్కువ మనిషి.'"

"ఎవరు?"

"మా నాన్న."

"మాట తక్కువా? ఆయనకా? అమ్మా, నువ్వు ఎక్కాల్సిన లాంచీ ఇది కాదేమో. వేరే కెప్టెన్ కూతురివేమో చూసుకో."

"వేళాకోళం ఆడకండి."

"వేళాకోళం కాదు తల్లీ. ఈ గొట్టం చూశావా? పై కేబిన్లోంచి నాకు ఆర్డర్లివ్వడానికి పెట్టారు దీన్ని. ఫుల్లు, హాఫు, స్లో. ఆ మూడు ముక్కలకీ. మీ నాన్న పొద్దున దీనికి నోరు పెట్టాడంటే సాయంత్రం దాకా ఒకటే వాగుడు. నా బుర్ర తినేసేవాడు. రెంచీ పెట్టి గొట్టం మూసేద్దామా అనిపించేది."

"మా ఇంట్లో అయితే... వారానికోసారి వచ్చేవారు. కాళ్లు కడుక్కుని, తిని, పడుకునేవారు. ఏమ్మా బాగున్నావా అనేవారు. బాగున్నా అనేదాన్ని. అయిపోయింది, మళ్లీ వారం దాకా."

"బుడంకాయ్."

"ఏంటీ?"

"నువ్వేగా బుడంకాయ్?"

"ఆ పేరు... నాకు ఆరేళ్లప్పుడు పిలిచేవారు. మీకెలా తెలుసు?"

"ఆరేళ్లప్పుడేంటి, మొన్నమొన్నటి దాకా అదేగా నీ పేరు ఇక్కడ. బుడంకాయ్‌కి జ్వరం తగ్గింది. బుడంకాయ్ లెక్కల్లో తప్పింది, అడిగితే నాకు చెప్పలేదు, వాళ్లమ్మ చెప్పింది. బుడంకాయ్‌కి ఉద్యోగం వచ్చింది రోయ్, ఇవాళ ఇంజన్‌కి కాస్త మంచి నూనె పొయ్యి. ఇట్లా."

"ఇవన్నీ మీకు చెప్పేవారా?"

"నాకు కాక ఎవరికి? నాకా పెళ్లాం లేదు, పిల్లల్లేరు. ఆయన ఇంటి సంగతులే నా ఇంటి సంగతులు."

"మరి నాకెందుకు ఒక్క మాట చెప్పలేదండీ? నాకు కోపం వస్తోంది. నిజంగా కోపం వస్తోంది."

"నేనూ అదే అనుకున్నా ఈ నెల్రోజులూ. మాటలన్నీ ఇక్కడ నామీద ఒలకబోసుకుని, ఇంటికొచ్చేసరికి ఖాళీ అయిపోయేవాడేమో. నీ వాటా మాటలు నేను వినేశాన్లే తల్లీ. ఏమనుకోకు."

"అయ్యో, మీరేం చేశారు..."

"ఉండు, టైమెంతయింది?"

"రెండూ యాభై."

"ఇంకో పది నిమిషాల్లో మీ ఇల్లొస్తుంది. మేట దగ్గర."

"అవును, మా ఇంటి ముందు ఇసుక మేట ఉందిగా. అక్కడ లాంచీలన్నీ నెమ్మదిగా వెళ్తాయి. చిన్నప్పట్నుంచీ చూస్తున్నా."

"చూస్తున్నావా?"

"అంటే... మెట్ల మీద కూచుని చదువుకునేదాన్ని. తలెత్తేదాన్ని కాదు."

"తెలుసు."

"కావాలనే ఎత్తేదాన్ని కాదు. ఇంటి ముందు నుంచే రోజూ పోతూ ఇంట్లోకి రాని మనిషిని నేనెందుకు చూడాలి అని."

"తెలుసమ్మా. రోజూ చెప్పేవాడు. 'మెట్ల మీదే ఉందిరా. పుస్తకం పట్టుకుంది. ఇవాళ కూడా తలెత్తలేదు.' ఒక్క రోజు మాత్రం ఎత్తావు."

"లేదే."

"ఎత్తావు. ఎండాకాలం. 'చూసిందిరా' అన్నాడు. అంతే, ఇంక ఆ పూట ఒక్క మాట మాట్లాడితే ఒట్టు. నాకైతే పైన మనిషి ఉన్నాడా లేడా అని భయమేసింది."

"అది... అది నాన్నని కాదండీ. అమ్మ ఆరేసిన బట్టల మీద కాకి వాలింది. దాన్ని తోలడానికి చూశా."

"కాకినా?"

"నిజం."

"ఆ ముక్క ఇప్పుడు నాకెందుకు చెప్పావమ్మా?"

"నాకు ఏడుపొస్తోంది. ఎవరికో ఒకరికి చెప్పాలిగా."

"సర్లే. ఆయనకి తెలీదుగా. ఆ రోజు ఆయనది. ఉండనీ."

"నా చెయ్యి విరిగినప్పుడు కూడా మర్నాడు చీకటి పడేవేళకి వచ్చారు. కట్టు చూశారు, పక్కన కూచున్నారు, ఒక్క మాట అన్లేదు. అది ఇప్పటికీ మర్చిపోలేదు నేను."

"ఆ రోజు ఏం జరిగిందో చెప్తా విను. మామూలుగా మీ ఇల్లు రాగానే మొదటి మాట ఏంటో తెలుసా? 'తువ్వాలు ఉంది.' అదయ్యాకే మిగతా కబుర్లు. తాడు మీద తెల్ల తువ్వాలు ఉందంటే ఇంట్లో అందరూ బాగున్నట్టు. ఆ రోజు, 'తువ్వాలు లేదు' అన్నాడు. తర్వాత, 'ఇల్లు తాళం వేసుంది' అన్నాడు. తర్వాత 'ఆపు' అన్నాడు. ఎనభై మంది జనం, లాంచీ నది మధ్యలో నిలబడిపోయింది. పైన ఒకటే గోల. నాకేమో ఇంజన్ చెడిందేమోనని చెమటలు. ఆపితే ఏం లాభం, దూకి వెళ్లలేడుగా. కాసేపటికి 'పోనీ' అన్నాడు. అవతలి రేవు దాకా 'తాళం వేసుందిరా, తాళం వేసుందిరా' అంటూనే ఉన్నాడు. బదులు కెప్టెన్ మర్నాడు మధ్యాహ్నానికి గానీ దొరకలేదు."

"అప్పుడు మేం ఆస్పత్రిలో ఉన్నాం. ఇదంతా నాకు ఎవరూ చెప్పలేదు."

"ఇప్పుడు చెప్పాగా."

"తువ్వాలంటే ఆ తెల్లదేనా? ఎవరూ ఒళ్లు తుడుచుకోని తువ్వాలు అది. అమ్మ రోజూ దాన్ని తడిపి ఆరేసేది. చాదస్తం అని నవ్వేదాన్ని. అమ్మకి ఈ సంగతి తెలుసా?"

"ఇద్దరూ అనుకుని పెట్టుకున్నారో, ఆయనకి ఆయనే అనుకున్నాడో. అడిగితే 'నీ పని చూసుకో' అన్నాడు. మీ అమ్మగారు ఎలా ఉన్నారు?"

"రాయిలా ఉంది. నాన్న పోయిన దగ్గర్నుంచీ కంట తడి పెట్టలేదు. సభకి రమ్మని పొద్దున ఫోన్ చేశా. 'బట్టలారేసే పనుంది, నువ్వెళ్లు' అంది. బట్టలంట! ఫోన్ పెట్టేశా విసురుగా."

"ఊఁ."

"పోనీలెండి. నాకు కావాల్సింది దొరికింది. ఇదంతా సభలో చెప్పేస్తా."

"చెప్పు. ఆ మేట సంగతి తప్ప."

"మేట సంగతేముంది?"

"చెప్పకూడదు. నువ్వు ఆయన కూతురివి కాబట్టి అంటున్నా. అక్కడ మేట లేదు."

"లేకపోవడమేంటి?"

"లేదు. ఒక ఏడు నీళ్లు బాగా ఎండిపోయాయి. అన్నిచోట్లా లాంచీ అడుగు రాసుకుపోతోంది. మీ ఇంటి ముందు గడ వేస్తే నేల తగల్లేదు. ఏంటిది కెప్టెన్ గారూ అన్నా. 'నోరు మూసుకుని స్లో చెయ్యి' అన్నాడు. లాగ్ బుక్కులో ఏళ్ల తరబడి తనే రాసుకున్నాడు, ఇక్కడ మేట, నిదానంగా పోవాలి అని. అది చూసి మిగతా లాంచీలు కూడా స్లో చేస్తున్నాయి. ఆఫీసు వాళ్లకి తెలిసిందంటే ఆ రాత కొట్టేస్తారు. ఆయన పేరూ పోతుంది, ఆ నాలుగు నిమిషాలూ పోతాయి."

"నాలుగు నిమిషాల కోసం..."

"రోజుకి రెండుసార్లు. ఎనిమిది నిమిషాలు. ఆయన కాపురం అదేగా. ఏడవకు. కాగితం తడిసిపోతుంది."

"తడవనీ. అందులో ఉన్నదంతా అబద్ధమేగా. కొట్టేస్తున్నా. బాబాయ్..."

"ఏమన్నావ్?"

"బాబాయ్ అన్నా. మీరెప్పుడైనా మా ఇల్లు చూశారా?"

"ఎక్కడ చూస్తా? ఇక్కడ నాకు కనపడేది ఈ గోడే. సెలవు రోజు రమ్మని మీ నాన్న ఎప్పుడూ అన్లేదు, నేను అడగలేదు. మెట్లు పన్నెండని తెలుసు. మూడోది విరిగిందని తెలుసు. నెల నుంచి ఏమీ తెలీదు. కొత్త కెప్టెన్ మంచోడే. ఫుల్లు అంటాడు, హాఫు అంటాడు. అక్కడికి రాగానే స్లో అంటాడు. నేను స్లో చేసి, చెవి గొట్టానికి ఆనించి కూచుంటా. ఇంకేమీ రాదు."

"హాఫు!"

"హాఫు, సార్. గొట్టంలో కొత్త కెప్టెన్ గొంతు, విన్నావా? వచ్చేశాం. నువ్వు పైకెళ్లు తల్లీ, కేబిన్లోకి. ఆయన కూతుర్నని చెప్పు, రానిస్తాడు. పరిగెత్తు!"

"నమస్కారమండీ. కేబిన్లోకి రావచ్చా? నేను పాత కెప్టెన్ గారి..."

"తెలుసమ్మా, రా రా. ఆ కమ్మీ పట్టుకుని జాగ్రత్తగా నిలబడు. ఇక్కడ నీళ్లు చాలా తక్కువ. మీ నాన్నగారు రాసిపెట్టబట్టి సరిపోయింది, లేకపోతే మాకేం తెలుస్తుంది? స్లో!"

"స్లో, సార్."

"ఈ గొట్టంలో నేనొక మాట మాట్లాడొచ్చాండీ?"

"మాట్లాడు, పర్లేదు."

"బాబాయ్. వినిపిస్తోందా?"

"వినిపిస్తోంది. చెప్పు."

"ఇల్లు కనపడుతోంది. మెట్లు... మూడోది ఇంకా విరిగే ఉంది. మెట్ల మీద ఎవరూ లేరు."

"ఊఁ."

"అమ్మ ఉంది. తాడు పక్కన నిలబడింది. ఇటే చూస్తోంది."

"నువ్వున్నావని తెలుసా?"

"తెలీదు. ఈ లాంచీకి వస్తానని చెప్పలేదు."

"మరి... తువ్వాలు?"

"ఉంది బాబాయ్. తాడు మీద అదొక్కటే ఉంది."