వారాల బోర్డు దింపిన డాక్టర్ కౌసల్య గారు

రెండువేల ఒకటవ సంవత్సరం జూలై తొమ్మిదవ తేదీన మన ధర్మాసుపత్రి మిర్యాలగూడ శాఖలో మానసిక వైద్యురాలిగా బాధ్యతలు స్వీకరించిన డాక్టర్ కౌసల్య గారు, ఈ నెలాఖరున సూర్యాపేట ప్రధాన ఆసుపత్రి నుండి పదవీ విరమణ చేయనున్నారు. వారి పక్క గదిలో మందులిచ్చే ఫార్మసిస్టు రచనను నేను; ఈ నాలుగు మాటలు రాసే భాగ్యం నాకు దక్కింది. సన్మాన వ్యాసంలో తీపి మాటలే ఉండాలంటారు. అలా రాస్తే ముందు తిట్టేది డాక్టరు గారే!

మిర్యాలగూడలో రైసుమిల్లుల హమాలీలు తల వేడెక్కుతోందని వారి దగ్గరకు వచ్చేవారు. తరువాత కోదాడకు బదిలీ అయితే, అక్కడి వ్యాపారులు నరాల బలహీనత అని చెప్పి టానిక్కులు అడిగేవారు. ఎవరి భాష వారిది, ఎవరి జబ్బు పేరు వారిది. ఆ అనుభవంతో సూర్యాపేటకు వచ్చిన డాక్టరు గారు, రద్దీ తట్టుకోలేక గోడకొక బోర్డు పెట్టించారు: సోమవారం దిగులు, బుధవారం తాగుడు, శుక్రవారం అనుమానాలు, భయాలు. వరుస తగ్గింది. యాజమాన్యం శాలువా కప్పింది, మేమంతా చప్పట్లు కొట్టాము.

ఒక బుధవారం చివ్వెంల దగ్గరి తండా నుండి సక్కుబాయి తన భర్త మల్సూర్‌ను తీసుకువచ్చింది.

"తాగుడొక్కటే కాదమ్మా. రాత్రిపూట పండడు, తినడు. బతకబుద్ధి అయితలేదంటున్నడు," అన్నది.

డాక్టరు గారు తాగుడు మాన్పే మందులు రాసి, "దిగులు సంగతి సోమవారం చూద్దాం, తీసుకురా," అన్నారు.

మల్సూర్ నవ్వి, "బాధ వారం సూసుకొని వస్తదా అమ్మా?" అన్నాడు.

సోమవారం రాకముందే అతడు ప్రాణం తీసుకున్నాడు.

డాక్టరు గారు తండాకు వెళ్లి సక్కుబాయి గడప ముందు కూర్చున్నారు. ఆమె తిట్టిన తిట్లన్నీ తలవంచుకుని విన్నారు. తిరిగి వచ్చి, ఎవరినీ పిలవకుండా, స్టూలెక్కి తమ చేతులతోనే ఆ బోర్డు దింపారు. అయ్యో, ఆనాటి వారి ముఖం నేను మరువలేను.

నాటి నుండి ఎవరు ఏ బాధతో వచ్చినా అన్నీ అడిగేవారు. అడిగేకొద్దీ హమాలీల వేడి, వ్యాపారుల నరాలు, తండా వారు చెప్పే గుండె గుంజుడు ఒక్కచోటికే చేరేవి. దిగులు, భయం, నిద్రలేమి ఒక జట్టుగా. తాగుడు, కోపం, తెగింపు మరొక జట్టుగా. లేని గొంతులు వినబడడం, అనుమానం ఇంకొక జట్టుగా వచ్చేవి. ఒక జట్టు ఉన్నచోట మరొకటి కూడా తరచుగా కనబడేది. పలు దేశాల పరిశోధకులు కూడా ఇదే గమనించారని చదివి మాకు వినిపించేవారు. "రచనా, మడికీ మడికీ గట్లు మనం పెట్టుకున్నవి. కింద తడి ఒక్కటే. ఇది నాకు మల్సూర్ బతికుండగా తెలియాల్సింది," అనేవారు.

ఛాతీ నొప్పని ఊరూరా గుండె పరీక్షలు చేయించుకుని, "నీకేం లేదు" అనిపించుకున్న సక్కుబాయి చివరికి తాను తిట్టిన డాక్టరమ్మ దగ్గరికే వచ్చింది. ఆ నొప్పి దుఃఖమని గుర్తించినది వీరే. ఈనాటికీ ఆమె మనిషిగా తిరుగుతున్నదంటే అది వీరి చలవే.

కొత్త డాక్టరును ఇంకా నియమించలేదు. బయటి నుండి ఒకరు వారానికి మూడు రోజులు వస్తారట. రద్దీ తగ్గించడానికి యాజమాన్యం మళ్లీ వారాల బోర్డు రాయించింది. రంగు ఆరని ఆ బోర్డు ఇప్పుడు నా గదిలో గోడవైపు తిరిగి ఉంది. నిన్న మందుల కోసం వచ్చిన సక్కుబాయి దానిని తిప్పి చూసింది.

"అమ్మ పోతే నేను ఏ వారం రావాలె?"

"ఏ వారమైనా రా."

"వస్తే సూసేదెవరు?"

ఆ బోర్డును మూలకు నెట్టేశాను. ఒళ్లు మండింది, ఏడుపూ వచ్చింది.

డాక్టరు గారూ, మీకు విశ్రాంతి దొరకాలని కోరడం మర్యాద. కానీ సక్కుబాయికి మీ ఇంటి దారి చెప్పేశాను, క్షమించండి. ఆమె ఏ వారం వచ్చినా లేచి తలుపు తీయగల ఆరోగ్యంతో, నిండు ఆయుష్షుతో మీరుండాలని మనసారా కోరుకుంటున్నాను.